నెలకి 5,000 ఉంటే దేనికి పెట్టాలి? విశాఖ చిన్న వ్యాపారాలకి సోషల్ మీడియా ఎంపికలు

పోయిన ఆషాఢంలో మా వదిన ఫోన్ చేసింది. గోపాలపట్నంలో ఇంటి దగ్గరే కందిపొడి, కరివేపాకు పొడి, నువ్వుల కారం చేసి అమ్ముతుంది. ఎవరో వచ్చి నెలకి 15,000 ఇస్తే పన్నెండు పోస్టర్లు, నాలుగు రీల్స్ చేసి పెడతామన్నారట. "ఇచ్చీమంటావేటి?" అని అడిగింది. పొడుల మీద ఆవిడకి నెలంతా మిగిలేది ఇంచుమించు అంతే. "ఇప్పుడు కొంటున్నవాళ్లకి నీ సంగతి ఎలా తెలిసింది వదినా?" అన్నాను. కాస్త ఆలోచించి, "సగానికి సగం అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపుల్లోంచే కదా" అంది. ఆ జవాబుతో చాలావరకు తేలిపోయింది.

నాది అక్కయ్యపాలెంలో మగ్గం వర్క్ దుకాణం. ఇద్దరు పనివాళ్లు, నేను. ఆరేళ్లుగా దుకాణం పేజీ నడుపుతున్నాను. మధ్యలో కొన్నాళ్లు డబ్బిచ్చి బయటివాళ్లతో చేయించాను, మళ్లీ నా చేతిలోకి తెచ్చుకున్నాను. ఇన్నాళ్లకి నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఒకటుంది. మన దుకాణంలో రోజూ జరిగే పనికి మించిన సరుకు బయటినుంచి ఎవరూ తీసుకురాలేరు. దాన్ని ఆగకుండా చూపించడంలో మనకి ఎక్కడ చెయ్యిసాయం కావాలో చూసుకుని, డబ్బు అక్కడ మాత్రమే పెట్టాలి. కింద చెప్పే పోలికలన్నీ ఆ లెక్కలోనే.

ముందు చోటు తేల్చుకోండి

వీడియో ఎవరు తియ్యాలి, ఏ యాప్ వాడాలి అన్నవి తర్వాత. కొనేవాళ్లు కొనాలనుకున్న క్షణంలో ఎక్కడ చూస్తారు అన్నది ముందు.

మా ఇంటి ఏసీలు చూసే తమ్ముడిది గాజువాక. మే నెల రాత్రి పదింటికి ఏసీ ఆగిపోతే ఎవరూ రీల్స్ చూస్తూ కూర్చోరు. గూగుల్‌లో "ఏసీ రిపేర్ గాజువాక" అని కొడతారు, మొదట కనిపించిన రెండు మూడు నంబర్లకి ఫోన్ చేస్తారు. ఇలాంటి పనులకి, అంటే ప్లంబింగ్, ఇన్వర్టర్, టైలరింగ్ రిపేర్, ట్యూషన్ వంటివాటికి, గూగుల్‌లోనూ మ్యాప్‌లోనూ మన పేరు, నంబరు కనిపించేలా చేసే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ కన్నా ముందు చెయ్యాల్సిందేమీ లేదు. పైసా ఖర్చు లేదు. దుకాణం బోర్డు, వీధి, లోపలి పనిముట్లు కనిపించేలా వీడియో తీసి పంపమని తరచుగా అడుగుతారు, అదే ధ్రువీకరణ. దుకాణం లేకుండా ఇంటింటికీ వెళ్లి చేసే పనైతే ఇంటి అడ్రస్ దాచి, ఏయే ప్రాంతాలకి వస్తారో మాత్రం పెట్టుకోవచ్చు. రివ్యూ రాస్తే డిస్కౌంటు ఇస్తాననకండి, అది గూగుల్ నిబంధనలకి విరుద్ధం. పని అయిపోయి కస్టమర్ సంతోషంగా ఉన్న ఆ నిమిషంలో లింకు పంపి, నోరు తెరిచి అడగండి. రాస్తారు.

మన ఊరికి ఇంకో సంగతుంది. ఆర్కే బీచ్‌కీ, రుషికొండకీ, కైలాసగిరికీ వచ్చే యాత్రికులు గది దిగగానే మ్యాప్ తెరుస్తారు. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర టిఫిన్ కొట్టు ఉన్నవాళ్లు రీల్ కన్నా ముందు ధరలు చదవడానికి వీలుగా మెనూ బోర్డు ఫోటో తీసి మ్యాప్‌లో పెట్టాలి. తెరిచే వేళలు సరిచూసుకోవాలి. అది చూసి వచ్చేది ఆకలితో ఉన్న మనిషి, మరో వీడియో చూపించి ఒప్పించనక్కర్లేదు.

వాట్సాప్ బిజినెస్ మళ్లీ మళ్లీ కొనే సరుకుకి: పొడులు, పాలు, పూలు, కేకులు, పచ్చళ్లు. క్యాటలాగ్ పెట్టుకోవచ్చు, ఎక్కువగా అడిగే ప్రశ్నలకి సిద్ధంగా జవాబులు దాచుకోవచ్చు, పాత కస్టమర్లకి లేబుల్ వేసుకోవచ్చు. ఒకే సందేశం అందరికీ విడివిడిగా వెళ్లే బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మంది దాకా పడతారు. అయితే మీ నంబరు వాళ్ల ఫోన్లో సేవ్ అయి ఉంటేనే సందేశం చేరుతుంది. అందుకే పొట్లం మీద నంబరుతో పాటు "సేవ్ చేసుకోండి, కొత్త సరుకు వచ్చినప్పుడు చెప్తాం" అని కూడా అచ్చు వేయించమన్నాను మా వదినని.

ఈ నంబర్ల జాబితాని నేను బంగారంలా చూసుకోవడానికి కారణం ఉంది. 2020 జూన్‌లో టిక్‌టాక్ నిషేధం వచ్చినప్పుడు అక్కడ వేలమందిని పోగేసుకున్నవాళ్లకి ఒక్క రాత్రిలో ఏమీ మిగల్లేదు. ఏ యాప్‌లో ఫాలోవర్లైనా ఆ యాప్ సొత్తే. ఫోన్ నంబర్లు మాత్రం మన పుస్తకంలో ఉంటాయి.

ఇన్‌స్టాగ్రామ్ కంటితో చూసి మనసుపడి కొనేవాటికి: బ్లౌజులు, కేకులు, గోరింటాకు డిజైన్లు, ఇంటి అలంకరణ, లక్కబొమ్మలు. టిక్‌టాక్ పోయిన మరుసటి నెలలోనే రీల్స్ మన దేశంలోకి వచ్చాయి, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్. రెండిట్లో ఏది అంటే, ఒకే వీడియోని రెండు చోట్లా పెట్టండి. మీద ఒక యాప్ గుర్తు పడిన వీడియోని రెండో దాంట్లో పెట్టకండి, ఫోన్లో ఉన్న అసలు ఫైలే పెట్టండి. ఫేస్‌బుక్‌కి విడిగా ఏమీ చెయ్యక్కర్లేదు, ఇన్‌స్టాలో పెట్టినదే అక్కడికీ వెళ్లేలా కలిపేస్తే చాలు. నా దగ్గర పెళ్లికూతురి బ్లౌజు చూసేది ఇన్‌స్టాలో అమ్మాయి, డబ్బు ఇచ్చేది ఫేస్‌బుక్ చూసే వాళ్లమ్మ. అందుకే దాన్ని పూర్తిగా వదలను.

ఎవరితో చేయించాలి

మీరే చేసుకోవడం, తెలిసిన కుర్రాడికి నెలకి కొంత ఇవ్వడం, వీడియోగ్రాఫర్‌ని పూటకి మాట్లాడుకోవడం, ఏజెన్సీకి అప్పగించడం, ఫుడ్ పేజీలాంటి వాళ్లకి డబ్బిచ్చి చెప్పించుకోవడం. మన ఊళ్లో చిన్న వ్యాపారి ముందుండే దారులు ఇవే.

సొంతంగా చేసుకోవడంలో డబ్బు ఖర్చవదు, పొద్దు ఖర్చవుతుంది. వారానికి మూడు గంటలు పక్కన పెట్టగలిగితే ఇదే మేలు. పెట్టలేకపోతే నిజాయితీగా ఒప్పుకోండి. మొదటి నెల రోజుకొకటి పెట్టి, రెండో నెల నుంచి ఆగిపోయిన పేజీని చూస్తే దుకాణం మూసేశారేమో అనుకుంటారు జనం.

దీనికి నేను నేర్చుకున్న ఉపాయం ఆషాఢం. పెళ్లిళ్లుండవు, ఆర్డర్లు తక్కువ. శ్రావణంలో కావలసిన వీడియోలన్నీ అప్పుడే తీసి దాచేస్తాను. మగ్గం మీద గుడ్డ బిగించడం, సూది కొక్కెంతో జర్దోసీ తీగ లాగడం, పూసలు కూర్చడం, కుట్టు విప్పి మళ్లీ వెయ్యడం. ఇరవై ముప్ఫై చిన్న ముక్కలు. శ్రావణం వచ్చాక తియ్యడానికి ఊపిరి ఆడదు, అప్పుడు పెట్టడమే. ఫేస్‌బుక్, ఇన్‌స్టా పేజీలు ఒకేచోట చూసుకునే మెటా బిజినెస్ సూట్‌లో ఏ రోజు ఏ వేళకి ఏది వెళ్లాలో ముందే వేసి ఉంచుకోవచ్చు, దానికీ డబ్బు అక్కర్లేదు. మీ వ్యాపారానికి ఆషాఢం ఎప్పుడో చూసుకోండి. ఏసీ తమ్ముడికి అది డిసెంబరు.

రెండోది, కాలేజీ చదువుకునే కుర్రాడికో అమ్మాయికో నెలకి కొంత ఇచ్చి ఎడిటింగ్ వరకు అప్పగించడం. నాకు బాగా నచ్చిన దారి ఇది. క్లిప్పులు నేను తీస్తాను, ఆదివారం ఆ అమ్మాయి వచ్చి నాలుగు వీడియోలు కుట్టి ఇస్తుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే వీడియో నాణ్యత పడిపోతుంది, డాక్యుమెంటుగా పంపండి. పరీక్షల నెలలో ఆ అమ్మాయి రాదు. అది ముందే తెలుసు కాబట్టి అప్పటికి కొన్ని సిద్ధంగా ఉంచుకుంటాం.

వీడియోగ్రాఫర్‌ని ఏడాదికి రెండుసార్లు ఒక పూట మాట్లాడుకుంటే చిన్న దుకాణానికి సరిపోతుంది. పెద్ద కెమెరాతో తీసిన దగ్గరి దృశ్యాలు, దుకాణం లోపలి ఫోటోలు, మన మొహం బాగా కనిపించే రెండు మూడు చిత్రాలు. ఆ పూటకి ఏమేం తియ్యాలో కాగితం మీద రాసుకుని వెళ్లాలి, లేకపోతే సగం పూట ఆలోచనలకే పోతుంది. ఎడిట్ చేసిన వీడియోతో పాటు తీసిన క్లిప్పులన్నీ పెన్‌డ్రైవ్‌లో ఇవ్వాలని బేరం దగ్గరే తేల్చుకోండి. ఆ క్లిప్పులు ఏడాది పొడుగునా పనికొస్తాయి.

ఏజెన్సీ చెడ్డదని అనను. రెండు మూడు బ్రాంచీలున్నవాళ్లకి, రుషికొండ వైపు హోటళ్లకి, నెలనెలా ప్రకటనల మీద గట్టిగా ఖర్చు పెట్టేవాళ్లకి అది కావాలి. ఒక్క గది దుకాణానికి మాత్రం వాళ్లిచ్చేది చాలావరకు పోస్టర్లు. సంక్రాంతి శుభాకాంక్షలు, ఉగాది శుభాకాంక్షలు, స్వాతంత్ర్య దినోత్సవ శుభాకాంక్షలు, మూలన మన లోగో. అదే రోజు ఊళ్లో ప్రతి దుకాణమూ అదే గాలిపటం బొమ్మ పెడుతుంది. వాటికి డబ్బివ్వడం నాకు బొత్తిగా ఇష్టం లేదు. పండక్కి మీ దుకాణంలో ఏం జరిగిందో చూపిస్తే, అది మీదే, ఇంకొకరి దగ్గర దొరకదు. మార్గశిర గురువారాల్లో కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనానికి బురుజుపేట వచ్చే ఆడవాళ్లు ఎలాంటి చీరలు కడుతున్నారో చూసి, దానికి తగిన బ్లౌజు ఒకటి కుట్టి పెట్టాను ఒక ఏడాది. ఆ నెల అన్ని పోస్టుల కన్నా దాన్నే ఎక్కువమంది దాచుకున్నారు.

ఎవరికి అప్పగించినా ఒక్క మాట మర్చిపోకండి. నా మొదటి పేజీని చేసిపెట్టినాయన తన ఈమెయిల్‌తో తెరిచాడు. తర్వాత పని మానేశాడు, ఫోన్ మార్చాడు, పేజీ ఆయనతోనే పోయింది. రెండేళ్ల ఫోటోలు, కస్టమర్ల మాటలు, అన్నీ. నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. పేజీ మీ నంబరుతో, మీ ఈమెయిల్‌తో తెరవండి, రెండంచెల భద్రత పెట్టుకోండి. పనిచేసేవాళ్లకి బిజినెస్ సూట్ నుంచి యాక్సెస్ ఇవ్వొచ్చు, పాస్‌వర్డ్ చెప్పనక్కర్లేదు. మానేసినరోజు ఆ యాక్సెస్ తీసేస్తే సరి.

ఇక పేజీలవాళ్లు, ఇన్‌ఫ్లుయెన్సర్లు. ఫాలోవర్ల సంఖ్య చూసి డబ్బివ్వకండి. వాళ్ల ఇన్‌సైట్స్‌లో చూసేవాళ్లు ఏ ఊళ్లవాళ్లో కనిపిస్తుంది, ఆ స్క్రీన్‌షాట్ అడగండి. సగం హైదరాబాద్ ఉంటే ఎంవీపీ కాలనీలో టిఫిన్ కొట్టుకి దానివల్ల ఒరిగేది తక్కువ. ఊరూరికీ కొరియర్ పంపే పొడులకైతే అదే మంచిది. డబ్బు తీసుకున్నా, ఊరికే సరుకు తీసుకున్నా ఆ సంగతి వీడియోలో చెప్పాలి. ప్రకటనల ప్రమాణాల మండలి 2021లోనే నియమం పెట్టింది, కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కూడా 2023 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. "అది చెప్తే ఎవరూ నమ్మరండీ" అని ఎవరైనా అంటే అక్కడితో మాటలు ఆపేయండి.

పరికరాల మీద ఎంత?

చాలా తక్కువ. ఈ మధ్య నాలుగైదేళ్లలో కొన్న మామూలు ఫోన్ చాలు. కొత్త ఫోన్ కన్నా ముందు ఒక ట్రైపాడ్, కాలర్‌కి పెట్టుకునే చిన్న మైకు కొనండి. చెయ్యి వణికిన బొమ్మని జనం ఓర్చుకుంటారు, వినపడని మాటని ఓర్చుకోరు. ఆర్కే బీచ్‌లో మాట్లాడుతూ తీసిన వీడియోల్లో సగం గాలి హోరే ఉంటుంది. మైకు మీద స్పాంజి తొడుగు పెట్టండి, లేదా అక్కడ బొమ్మ మాత్రం తీసి, మాట ఇంట్లో కూర్చుని రికార్డు చెయ్యండి. సముద్రపు ఉప్పు తేమ లెన్సు మీద పొరలా పడుతుంది, తియ్యబోయే ప్రతిసారీ మెత్తటి నూలుగుడ్డతో తుడవాలి. ఏసీ గదిలోంచి ఉక్కలోకి వచ్చాక కాసేపు ఆగండి, లెన్సు మీద పట్టిన ఆవిరి పోవాలి.

వెలుతురుకి లైటు కొనేముందు మీ తలుపు ఏ దిక్కున ఉందో చూడండి. మన ఊరికి సూర్యుడు సముద్రంలోంచి వస్తాడు. తూర్పు గుమ్మం ఉన్న నా దుకాణంలో తొమ్మిదింటి లోపు వచ్చే ఏటవాలు వెలుగులో జరీ పోగు పోగుగా కనిపిస్తుంది. మధ్యాహ్నం అదే జరీ కళ్లు మిరుమిట్లు గొలిపి రంగు చంపేస్తుంది. పడమటి గుమ్మం వాళ్లకి సాయంత్రం. ఎటూ వెలుగు రాని కొట్టుకే లైటు కొనాలి.

యాప్‌ల విషయంలో డబ్బు కట్టేది, కట్టనిది పోలిస్తే, మొదటి ఏడాది కాన్వా ఉచితంగా వాడుకోండి. ధరల పట్టికకీ, వీడియో మీద అక్షరాలకీ అది చాలు. కొన్ని వీడియో ఎడిటింగ్ యాప్‌లలో తెలుగు వత్తులు విడిపోయి రాత చెడిపోతుంది. అలాంటప్పుడు అక్షరాలు కాన్వాలో రాసి, బొమ్మగా దించుకుని వీడియో మీద పెట్టండి. రామభద్ర, మండలి, ఎన్టీఆర్, గిడుగు వంటి తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం, వ్యాపారానికీ వాడుకోవచ్చు. నిలువు వీడియో 1080కి 1920 కొలత. అడుగున, కుడిపక్క యాప్ గుర్తులు వచ్చి కూర్చుంటాయి కాబట్టి ధర, నంబరు మధ్యలో రాయండి.

సినిమా పాట జోలికి మాత్రం వెళ్లకండి. అందరూ వాడుతున్నారు కదా అనిపిస్తుంది, కానీ వ్యాపార ప్రచారానికి పాట వాడాలంటే హక్కుదారు అనుమతి కావాలి. బిజినెస్ ఖాతాకి చాలా పాటలు కనపడకపోవడానికి కారణం అదే. మెటా సౌండ్ కలెక్షన్‌లో ఉచిత సంగీతం ఉంది. నన్నడిగితే మీ పని చప్పుడే మేలు. ఏటికొప్పాక లక్కబొమ్మలు చేసేచోట తిరిగే చెక్కకి రంగు లక్క ఆనించగానే ఆ రాపిడి వేడికి లక్క కరిగి చెక్కంతా పరుచుకుంటుంది. ఆ ఇరవై సెకన్లకి, ఆ శబ్దానికి ఏ పాటా అక్కర్లేదు.

ఏ తెలుగులో మాట్లాడాలి

గిడుగు పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన మనిషి, జనం మాట్లాడే తెలుగే రాతలో ఉండాలని జీవితమంతా పోరాడాడు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఆ నేల మీద ఉండి మనం మాత్రం కెమెరా ముందు "మా వద్ద నాణ్యమైన ఉత్పత్తులు లభించును" అని చదువుతున్నాం. మీ యాసలో చెప్పండి. "ఈ కారం బేగి అయిపోద్ది, ముందే చెప్పీండి" అని మా వదిన అన్న వీడియోని శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్లు ఒకరికొకరు పంపుకున్నారు.

అయితే విశాఖలో నేవీ, పోర్టు, స్టీల్‌ప్లాంటు వల్ల దేశంలో అన్ని ప్రాంతాలవాళ్లూ ఉన్నారు. ఒడిశా, బెంగాల్ యాత్రికులు ఏడాదంతా వస్తారు. మాట తెలుగులో ఉంచి, కింద రెండు ముక్కలు ఇంగ్లీషులోనో హిందీలోనో రాస్తే వాళ్లకీ అందుతుంది. మాటనే మూడు భాషల్లో చెప్పబోతే ఎవరికీ అందదు.

ధర దాచకండి. "ఏటి రేటు?" అని అడిగినవాళ్లకి "ఇన్‌బాక్స్ చూడండి" అంటే సగంమంది అక్కడే వెళ్లిపోతారు. నేను వీడియో మీదే "3,500 నుంచి" అని రాస్తాను. కొనలేనివాళ్లు ఇబ్బందిపడి వెనక్కి తగ్గాల్సిన అవసరం రాదు, కొనగలిగినవాళ్లు నేరుగా కొలతల మాట మాట్లాడతారు. కస్టమర్ బొమ్మ పెట్టేముందు అడిగి, ఒప్పుకున్న సందేశం దాచుకోండి. పెళ్లికూతురి బ్లౌజు పెళ్లికి ముందు పెట్టడం అసలే కుదరదు.

ప్రకటనకి ఎప్పుడు పెట్టాలి

ఊరికే పెట్టినప్పుడు బాగా ఆడిన వీడియోకి మాత్రమే. ఎవరూ చూడని వీడియోకి డబ్బు పెట్టి చూపించినా కొనరు. "బూస్ట్" మీట నొక్కేముందు ప్రాంతం సరిచూడండి, మీ కొట్టు చుట్టూ ఐదారు కిలోమీటర్లకి తగ్గించండి. వెబ్‌సైటు లేనివాళ్లు వాట్సాప్‌లోకి తీసుకొచ్చే ప్రకటన ఎంచుకోవాలి. ఖర్చు మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది, 1,000 అనుకుంటే 1,180 లెక్కలో వేసుకోండి.

వదినకి చివరికి నేను చెప్పిన లెక్క ఇది. నెలకి 5,000 అనుకుంటే, ఎడిటింగ్ అమ్మాయికి 2,500. శ్రావణం, సంక్రాంతి ముందు నెలల్లో ప్రకటనకి 1,000, మిగతా నెలల్లో ఆ డబ్బు దాచి ఏడాదికోసారి వీడియోగ్రాఫర్‌కి. రుచి చూడమని పంపే చిన్న పొట్లాలకి 1,000. మిగిలిన 500 ఇంటర్నెట్‌కీ చిల్లరమల్లరకీ. మైకు, ట్రైపాడ్ మొదటి నెల డబ్బులోంచే. ఏసీ తమ్ముడికైతే ఇందులో సగం కూడా వద్దన్నాను, గూగుల్ ప్రొఫైల్, పనికి ముందూ తర్వాతా ఫోటోలు, రివ్యూలు అంతే. నా దుకాణానికి మాత్రం డబ్బంతా ఇన్‌స్టా మీదే, ఎందుకంటే నా సరుకుని కళ్లే కొంటాయి.

వదినని వంటగదిలో ఒక రూళ్ల పుస్తకం వేలాడదీయమన్నాను. ఫోన్ చేసిన ప్రతివాళ్లనీ "మా సంగతి ఎక్కడ చూశారండీ?" అని అడిగి, వాట్సాప్, ఇన్‌స్టా, గూగుల్, తెలిసినవాళ్లు అనే నాలుగు గళ్లలో గీత పెట్టాలి. మూడు నెలలయ్యాక ఏ గడిలో గీతలు లేవో దానికి పెట్టే పొద్దు, డబ్బు ఆపేసి, గీతలున్న గడికి మళ్లించాలి. ఆషాఢం, శ్రావణం, భాద్రపదం గడిచాయి. మా వదిన పుస్తకంలో ఇన్‌స్టా గడిలో పదకొండు గీతలు, వాట్సాప్ గడిలో రెండు పేజీలు.